బుస్సుమని పొంగేవి, జిగురుగా సాగేవి: పిల్లల సైన్స్ బొమ్మలు ఇంట్లోనే, కొలతలతో సహా

ఈ మధ్య పిల్లల పుట్టినరోజుకి ఎవరింటికెళ్లినా గిఫ్టుల్లో ఒక సైన్స్ కిట్ ఖాయం. పెట్టె ఇంత పెద్దది, పైన అగ్నిపర్వతం బొమ్మ, లోపల చూస్తే నాలుగు చిన్న ప్యాకెట్ల పొడి, రెండు ప్లాస్టిక్ గ్లాసులు, ఒక పుల్ల, సగం అర్థమయ్యే కాగితం ఒకటి. ఒక్కసారి ఆడితే ప్యాకెట్లు ఖాళీ, ఆ తర్వాత "ఇంకోసారి" అని గొడవ. ఆ పొడుల్లో చాలావరకు హైదరాబాద్ బేగంబజార్‌లో కిలోల లెక్కన దొరికేవే. కిట్‌వాళ్లు మనకి అమ్మేది నిజానికి కొలత. అది మన చేతికొస్తే పెట్టెతో పని లేదు, అది లేకుండా గుప్పెడు సోడా మీద సీసాడు వెనిగర్ కుమ్మరిస్తే మాత్రం గచ్చు తడవడమే తప్ప పిల్లలకి తెలిసేదేమీ ఉండదు.

కాబట్టి ముందు కొనాల్సింది సోడా కాదు, గ్రాము దాకా చూపించే కిచెన్ తూకం. అర గ్రాము చూపిస్తే ఇంకా మంచిది. దాంతోపాటు మెడికల్ షాపులో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి, మూతలున్న సీసాలు కొన్ని.

ఏం తేవాలి, ఏమని అడగాలి

తినే సోడా, అంటే సోడియం బైకార్బొనేట్. బేకింగ్ పౌడర్ తేవద్దు, అందులో సోడాతోపాటు పొడి ఆమ్లం, పిండి కలిపే ఉంటాయి కాబట్టి మన లెక్కలు కుదరవు. బట్టల సోడా అసలే వద్దు, అది చర్మానికీ కళ్లకీ మంట. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్. వెలిగారం అంటే బోరాక్స్, కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడేదే, పాతకాలంలో పసుపు కొమ్ముల్ని కుంకుమగా మార్చేటప్పుడు నిమ్మరసం, పటికతోపాటు వేసేదీ ఇదే. బేగంబజార్ దుకాణాల్లో హిందీ ఎక్కువ నడుస్తుంది కాబట్టి "మీఠా సోడా, నింబూ సత్, సుహాగా" అని అడిగితే పని త్వరగా అవుతుంది. ఇవి కాక వెనిగర్, కార్న్‌ఫ్లోర్, ఇసబ్‌గోల్, తెల్ల జిగురు, గిన్నెలు తోమే లిక్విడ్, కేకుల్లో వేసే రంగులు. సోడియం ఆల్జినేట్, కాల్షియం లాక్టేట్ అనే రెండు పొడులు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే తేలిక.

ప్రతి సీసా మీదా పేరు రాసి అంటించండి. తెల్ల పొడులన్నీ చూడ్డానికి ఒకటే, వంటింట్లో సోడా డబ్బా పక్కన వెలిగారం డబ్బా ఉండకూడదు.

పొంగు: ఏది ముందు అయిపోతే ఆట అక్కడితో ఆగుతుంది

సోడాకి ఆమ్లం తగిలితే మొదట కార్బానిక్ ఆమ్లం పుడుతుంది. అది నిలకడగా ఉండలేక వెంటనే నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, మనకి కనిపించే బుడగలు అవే. ఇంతవరకు అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది ఎంతకి ఎంత అన్నది.

ఒక చెంచా తినే సోడా సుమారు 5 గ్రాములు. మార్కెట్లో దొరికే వంట వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సాధారణంగా 4 శాతం, సీసా మీద రాసి ఉంటుంది చూసుకోండి. ఆ 5 గ్రాముల సోడా మొత్తం ఖర్చవ్వాలంటే అలాంటి వెనిగర్ 90 మిల్లీలీటర్లు కావాలి. వచ్చే గ్యాస్ దాదాపు లీటరున్నర. చెంచాడు పొడిలోంచి లీటరున్నర గ్యాస్ అంటే పెద్దవాళ్లు కూడా నమ్మరు, అందుకే దాన్ని బెలూన్‌లో పట్టి చూపించాలి.

చేసే పద్ధతి ఇదీ. అర లీటరు వాటర్ బాటిళ్లు మూడు తీసుకుని ఒక్కోదాంట్లో 90 మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. మూడు బెలూన్లలో కాగితం గరాటుతో సోడా వేయండి, మొదటిదాంట్లో 2.5 గ్రాములు, రెండోదాంట్లో 5, మూడోదాంట్లో 10. బెలూన్ మూతుల్ని సీసాలకి బిగించాక, ఇప్పుడే పిల్లల్ని అడగండి, ఏది పెద్దగా ఉబ్బుతుందని. మూడోదే అని అరుస్తారు. తర్వాత మూడింటినీ ఒకేసారి పైకెత్తి సోడా లోపలికి జారనివ్వండి. నురగ అణిగాక చూస్తే రెండో బెలూన్ మొదటిదానికి రెట్టింపు గ్యాస్‌తో, 14 సెంటీమీటర్ల అడ్డకొలతకి అటూ ఇటూగా ఉంటుంది. మూడోది రెండోదాని అంతే ఉంటుంది! దాని సీసా అడుగున మాత్రం కరగని తెల్ల పొడి కొంత కనిపించొచ్చు. సోడా మిగిలింది, ఆమ్లం అయిపోయింది. హైస్కూల్లో, ఇంటర్లో లెక్కలుగా చేసి బుర్ర బద్దలు కొట్టుకునే విషయం ఇది, ఎనిమిదేళ్ల పిల్లకి మూడు బెలూన్లతో తేలిపోతుంది. నన్నడిగితే ఈ ఒక్క ప్రయోగం కోసమైనా తూకం కొనొచ్చు.

పొంగుతున్నప్పుడు సీసాని చేత్తో పట్టుకుంటే చల్లగా తగులుతుంది. ఈ చర్య చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది, థర్మామీటరు ఉంటే పెట్టి చూడండి, కొన్ని డిగ్రీలు దిగుతుంది.

రంగు కావాలంటే కొనక్కర్లేదు, పసుపు ఉంది. సోడా నీళ్లలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రబారుతుంది, పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు జరిగేదీ ఇదే, క్షారం తగిలితే పసుపులోని కర్కుమిన్ రంగు మారుస్తుంది. అలా ఎర్రబడ్డ సోడా ముద్దని పాత స్టీలు పళ్లెంలో పరిచి, సిరంజితో వెనిగర్ చుక్కలు వేయించండి. చుక్క పడిన చోటల్లా బుడగలొచ్చి, బుడగలు అణిగాక అక్కడ గుండ్రంగా పసుప్పచ్చ మచ్చ మిగులుతుంది. అంటే ఆ చోట సోడా అయిపోయిందని లెక్క. బట్టలకి మాత్రం దూరంగా పెట్టండి, పసుపు మరక సంగతి మీకు తెలియంది కాదు.

అగ్నిపర్వతం కావాలనే పిల్లలుంటారు. గ్లాసులో సోడా, కొంచెం నీళ్లు, గిన్నెల లిక్విడ్ చెంచాడు కలిపి పైనుంచి వెనిగర్ పోస్తే అయిపోయింది. గ్యాస్ ఎగిరిపోకుండా సబ్బు పొరల్లో చిక్కుకుంటుంది కాబట్టి నురగ నిలబడుతుంది. అదే సబ్బు లేకుండా పెద్ద జగ్గులో చేసి, బుడగలు అణిగాక, నీళ్లు జారకుండా జగ్గుని వెలుగుతున్న దీపం మీదికి మెల్లగా వంచండి. ఏమీ పోసినట్టు కనిపించదు కానీ దీపం ఆరిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. దీపం పని పెద్దవాళ్లదే.

సోడా, వెనిగర్ కలిపిన సీసాకి ఎప్పుడూ మూత బిగించొద్దు. గోలీ సోడా సీసా అంత మందంగా ఉండేది ఊరికే కాదు, లోపలి గ్యాస్ ఒత్తిడే ఆ గోలీని రబ్బరు రింగుకి అదిమి పట్టి ఉంచుతుంది. ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ అనే ఇంజినీరు 1872లో పేటెంట్ చేసిన ఏర్పాటు అది. మన వాటర్ బాటిల్‌కి ఆ బలం లేదు.

నీళ్లలో వేస్తే బుసకొట్టే ఉండలు

నిమ్మ ఉప్పు, సోడా రెండూ పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే ఉన్నా ఏమీ జరగదు. నీళ్లు తగిలి రెండూ కరిగి, అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా కదలడం మొదలైతేనే పొంగు. ఈనో ప్యాకెట్ అంత గట్టిగా సీల్ చేసి ఉండేది అందుకే.

60 గ్రాముల సోడా, 30 గ్రాముల నిమ్మ ఉప్పు, 30 గ్రాముల కార్న్‌ఫ్లోర్. అణువుల లెక్క ప్రకారం 60 గ్రాముల సోడాకి నిమ్మ ఉప్పు 46 గ్రాముల దాకా పడుతుంది, మనం కావాలనే తగ్గిస్తున్నాం, పులుపు మిగలకపోతే చేతులకి, కళ్లకి మంట తగ్గుతుంది. నిమ్మ ఉప్పు పలుకులుగా ఉంటే మిక్సీలో వేయండి, కానీ దుమ్ము ముక్కులోకి పోకుండా మూత తీసే ముందు కాసేపు ఆగండి. అన్నీ కలిపి, చెంచాడు కొబ్బరి నూనె వేసి రుద్ది, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి. నిలబడకపోతే స్ప్రే సీసాతో ఒకట్రెండు తుంపర్లు, అంతకు మించి వద్దు, గిన్నెలోనే ఉబ్బడం మొదలవుతుంది. ఐస్ ట్రేలో గట్టిగా నొక్కి రాత్రంతా ఆరబెట్టండి. ఇది చలికాలంలోనో ఎండాకాలంలోనో పెట్టుకోవాల్సిన పని. జులై, ఆగస్టుల్లో మన హైదరాబాద్ గాలిలోని తడికే ఉండలు పైపైన బొబ్బలెక్కి, నీళ్లలో వేసేనాటికి సగం చప్పబడిపోతాయి.

పొంగేదల్లా కార్బన్ డయాక్సైడ్ అనుకోకండి. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద 6 శాతం, 20 వాల్యూమ్స్ అని ఉంటుంది, అంటే 1 మిల్లీలీటరు ద్రవం 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఇస్తుందని అర్థం. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని పెద్దవాళ్లు దీన్ని సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తెచ్చి, 100 మిల్లీలీటర్లు సీసాలో పోసి, గిన్నెల లిక్విడ్ వేసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన చెంచాడు ఈస్ట్ కుమ్మరిస్తే, ఈస్ట్‌లోని క్యాటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టి లీటరు దాకా ఆక్సిజన్ విడుదల చేస్తుంది. సోడా సీసా చల్లబడితే ఇది వెచ్చబడుతుంది, రెండూ పక్కపక్కన చేసి పట్టుకుని చూడమనండి.

సాగేవి: స్లైమ్, దాని లెక్క

జిగురు బొమ్మల సంగతంతా పొడవాటి అణువుల గొలుసులు, అంటే పాలిమర్లు. తెల్ల జిగురులో పాలీవినైల్ అసిటేట్‌తోపాటు పాలీవినైల్ ఆల్కహాల్ కూడా ఉంటుంది. నీళ్లలో ఈ గొలుసులు ఒకదాని మీద ఒకటి జారిపోతూ ఉంటాయి కాబట్టి జిగురు పారుతుంది. వెలిగారం నీళ్లలో ఉండే బోరేట్ అయాన్లు ఆ ఆల్కహాల్ గొలుసుల్ని అక్కడక్కడ జంటగా పట్టేస్తాయి, విరబోసిన జుట్టుకి క్లిప్పులు పెట్టినట్టు. తేడా ఏంటంటే ఈ క్లిప్పులు క్షణక్షణం ఊడిపోయి మళ్లీ పడుతుంటాయి. అందుకే మెల్లగా లాగితే స్లైమ్ సాగుతుంది, ఠక్కున లాగితే తెగుతుంది, ఊడి మళ్లీ పడే టైమ్ వాటికి దొరకదు.

1976లో మాటెల్ కంపెనీ అమ్మిన మొట్టమొదటి స్లైమ్‌లో జిగురు లేదు, గ్వార్ గమ్ ఉండేది, అంటే మన గోరుచిక్కుడు గింజల బంక. దాన్ని పట్టి ఉంచిందీ వెలిగారమే.

ఇంట్లో చేయాలంటే:

1. వెలిగారం 4 గ్రాములు, 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించి చల్లార్చండి. ఇది పెద్దవాళ్ల పని.
2. తెల్ల జిగురు 100 మిల్లీలీటర్లు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, రంగు చుక్క వేసి పాయలు లేకుండా కలపండి.
3. వెలిగారం నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ తిప్పండి. మొదటి చెంచాకి పుల్ల చుట్టూ దారాలు దారాలుగా చుట్టుకుంటుంది, అడుగున పల్చటి నీళ్లు అలాగే ఉంటాయి, చెడిపోయిందని కంగారుపడొద్దు. ముద్ద గిన్నె అంచుని వదిలేసిన చెంచా దగ్గర ఆపేయండి.
4. బయటికి తీసి రెండు నిమిషాలు పిసకండి, మిగిలిన తడి లోపలికి ఇంకిపోయి మెత్తబడుతుంది.

ఇప్పుడు అసలు మాట. యూరప్ బొమ్మల నిబంధన ప్రకారం జిగట బొమ్మల్లోంచి బయటికొచ్చే బోరాన్ కిలోకి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. మనం పోసిన వెలిగారం నీళ్లు 50 మిల్లీలీటర్లు అనుకుంటే, అందులో వెలిగారం 1 గ్రాము, దాంట్లో బోరాన్ సుమారు 113 మిల్లీగ్రాములు, ముద్ద బరువు పావుకిలో, అంటే కిలోకి 450. అంతా చర్మంలోకి దిగదు, నిజమే, కానీ చిన్నపిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి నా ఇంట్లో అయితే ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి వెలిగారం స్లైమ్ లేదు, ఆపైన వాళ్లకి గ్లవ్స్‌తో, కాసేపే, ఆడాక సబ్బుతో చేతులు కడగాలి, చేతి మీద గీరుకున్న పుండుంటే ఆ రోజు ఆట బంద్. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లోనో ఎక్కడో రెడీమేడ్ డబ్బా కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి అది తప్పనిసరి.

స్లైమ్ చేయడం కంటే విప్పడం నాకు ఎక్కువ ఇష్టం. ఒక ముద్ద మీద వెనిగర్ పోసి పిసికితే బోరేట్ కాస్తా బోరిక్ ఆమ్లంగా మారి పట్టు వదిలేస్తుంది, ముద్ద మళ్లీ పారే జిగురైపోతుంది. దాంట్లో చిటికెడు చిటికెడుగా తినే సోడా వేయండి, బుస్సున పొంగుతుంది, వెనిగర్ చచ్చాక మళ్లీ చిక్కబడుతుంది. పొంగు, జిగురు రెండు వేరే ఆటలు కావని ఒకే గిన్నెలో తేలిపోతుంది. సోఫా కవరుకి స్లైమ్ అంటుకున్నప్పుడు గోరువెచ్చని వెనిగర్‌తో తుడవమనేదీ ఇందుకే.

చిన్నవాళ్లకి ఇసబ్‌గోల్ ముద్ద చాలు. చెంచాడు ఇసబ్‌గోల్‌ని ఒక కప్పు నీళ్లలో రంగుతో కలిపి, సన్న మంట మీద తిప్పుతూ బుడగలొచ్చి చిక్కబడేదాకా మరిగించాలి. చల్లారనిచ్చి మళ్లీ మరిగిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఆ పొట్టులోని పొడవాటి చక్కెర గొలుసులు నీళ్లని పట్టి ఉంచుతాయి, వెలిగారం అవసరమే లేదు. పొడి ఇసబ్‌గోల్ మాత్రం పిల్లల నోటికి అందనివ్వద్దు, గొంతులో ఉబ్బుతుంది.

కార్న్‌ఫ్లోర్ ఆట ఇంకా సులువు, రెండు కప్పుల పిండికి కప్పు నీళ్లు, కొంచెం అటూ ఇటూ. గుద్దితే గట్టి, వదిలేస్తే ద్రవం. పిండి రేణువుల మధ్య ఉన్న నీటి పొర, మెల్లగా కదిపితే వాటిని జారనిస్తుంది, ఠక్కున నొక్కితే రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుపోతాయి. మక్క పిండితో రాదు, అది గింజ మొత్తం ఆడించినది, కార్న్‌ఫ్లోర్ అచ్చంగా స్టార్చ్. మైదాతో అయితే రొట్టె పిండి వస్తుంది, అంతే. అయ్యాక సింకులో పోయకండి, పైపులో అడుగున పేరుకుంటుంది.

నీళ్లలో వేస్తే గోళీల్లా ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు మాత్రం పాకే పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

జెల్లీ పురుగులు

కిట్లలో "మ్యాజిక్ వార్మ్స్" అని వచ్చేది ఇదే. ఇక్కడ హైదరాబాద్ నీళ్లతో ఒక తిరకాసుంది. సోడియం ఆల్జినేట్, సముద్రపు నాచులోంచి తీసే బంక. దాని గొలుసులకి కాల్షియం తగిలితే చాలు, పక్కపక్క గొలుసులు కాల్షియంని మధ్యలో పెట్టుకుని బిగుసుకుంటాయి. మన బోరు నీళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, గిన్నెల మీద తెల్ల మరకలు దానివే. బోరు నీళ్లలో ఆల్జినేట్ పొడి వేస్తే కరగకముందే ఉండలు కట్టేస్తుంది. అందుకని 200 మిల్లీలీటర్ల ఆర్‌వో నీళ్లలో 3 గ్రాముల ఆల్జినేట్, రంగు వేసి మిక్సీ పట్టి, బుడగలు పోయేదాకా ఒక గంట పక్కన పెట్టండి. ఇంకో గిన్నెలో అర లీటరు నీళ్లు, కాల్షియం లాక్టేట్ 10 గ్రాములు. ఈ గిన్నెకి ఏ నీళ్లైనా పర్లేదు.

సిరంజిలోకి ఆల్జినేట్ తీసుకుని, మూతి కాల్షియం నీళ్లలో ముంచి ఆగకుండా నొక్కండి. తాడు ఒకటి వంకర్లు తిరుగుతూ బయటికొస్తుంది, ముట్టుకుంటే అప్పటికే చర్మం కట్టి ఉంటుంది. అర నిమిషంలో ఒకటి తీసి కత్తెరతో కోయండి, పైన తొక్క, లోపల్నించి ఇంకా పల్చటి రంగు నీళ్లు కారతాయి. పావుగంట ఉంచినదాన్ని కోస్తే కారేది తగ్గిపోతుంది, ఇంకాసేపుంచితే లోపలంతా గట్టి. కాల్షియం బయటినుంచి లోపలికి నడుచుకుంటూ వెళ్తుందన్నమాట, అయిదు నిమిషాలకొకటి కోసి వరసగా పెడితే దాని నడక కళ్లకి కనిపిస్తుంది.

పురుగుల్ని చెత్తబుట్టలో వేసే ముందు ఒకటి చేయండి. 200 మిల్లీలీటర్ల నీళ్లలో నిమ్మ ఉప్పు 4 గ్రాములు, తినే సోడా 6 గ్రాములు వేసి పొంగనివ్వండి. పొంగు అణిగాక మిగిలేది ముఖ్యంగా సోడియం సిట్రేట్ నీళ్లు. సిట్రేట్‌కి కాల్షియం అంటే పట్టు ఎక్కువ, ఆల్జినేట్ గొలుసుల మధ్య నుంచి దాన్ని లాగేసుకుంటుంది. కొన్ని పురుగుల్ని ఈ నీళ్లలో, కొన్నింటిని ఆర్‌వో నీళ్లలో వేసి పక్కపక్కన పెట్టండి. ఆర్‌వో నీళ్లలోవి అలాగే ఉంటాయి. సిట్రేట్‌లోవి అంచులు చెరిగి, మెత్తబడి, విడిపోతాయి, సన్నవి ముందు, లావువి రాత్రంతా తీసుకున్నా తీసుకుంటాయి.